పిల్లలతో హోటల్‌కి వెళ్తే ఏం తినిపించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్‌ని కాదు, డైటీషియన్‌ని అసలే కాదు. ఎనిమిదేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు ఉన్న మామూలు హైదరాబాద్ తల్లిని. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో, స్కూల్ గేటు దగ్గర, పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు నన్ను అడిగినవీ, నేను మా పిల్లల డాక్టర్‌ని విసిగించి తెలుసుకున్నవీ, కొంత చదివీ కొంత దెబ్బతినీ నేర్చుకున్నవీ ఇక్కడ రాసిపెట్టాను. ముందే చెప్తున్నా, నా కంప్లైంట్ పిల్లల మీద కాదు, హోటళ్ళ మీద కూడా పెద్దగా లేదు. కూర్చోగానే మెనూ కార్డు తెరిచి "ముందు రెండు స్టార్టర్లు చెప్పెయ్" అనే మనమీదే ఎక్కువ.

నెలకి ఒకటి రెండు సార్లు బయట తింటే ఏమైపోతుందండీ? ఇంత ఆలోచించాలా?

ఒకటి రెండు సార్లే అయితే ఏమీ కాదు. హాయిగా తినండి, ఇది చదవడం కూడా ఇక్కడే ఆపేయండి. కాకపోతే ఒకసారి లెక్కపెట్టి చూడండి. నేనూ మీలాగే అనుకునేదాన్ని. కిందటేడు ఒక నెలంతా ఫ్రిజ్‌కి అంటించిన క్యాలెండర్‌లో బయటి తిండి తిన్న రోజల్లా టిక్కు పెడుతూ వెళ్తే నెలాఖరుకి పదకొండు తేలాయి. ఆదివారం బిర్యానీలు, వంట చెయ్యబుద్ధి కాని రోజు యాప్‌లో తెప్పించిన నూడుల్స్, రెండు పుట్టినరోజులు, ఒక గృహప్రవేశం, స్కూల్ నుంచి వస్తూ బండి దగ్గర కొన్న పునుగులు. పదకొండంటే దాదాపు మూడు రోజులకోసారి. దాన్ని "ఎప్పుడో ఒకసారి" అని ఎలా అంటాం?

కిడ్స్ మెనూ ఉన్న చోటికి వెళ్తే సరిపోదా?

ఈసారి వెళ్ళినప్పుడు ఆ పేజీని పైనుంచి కిందిదాకా చదవండి. ఫ్రెంచ్ ఫ్రైస్, చీజ్ బాల్స్, చికెన్ నగ్గెట్స్, వైట్ సాస్ పాస్తా, నూడుల్స్, చాక్లెట్ మిల్క్‌షేక్. బంగాళాదుంప, మైదా, నూనె, చీజ్, చక్కెర, వీటినే అటు తిప్పి ఇటు తిప్పి ఆరు పేర్లు పెట్టారు. కూరగాయ ముక్క లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. అదే హోటల్లో ముందు పేజీల్లో టమాటా పప్పు ఉంటుంది, పుల్కా ఉంటుంది, పాలక్ పనీర్ ఉంటుంది, చివర్లో ఎక్కడో పెరుగన్నం కూడా ఉంటుంది. కారం తగ్గించమని అడగడం ఒక్కటే మన పని. నేనైతే కిడ్స్ మెనూ కార్డు టేబుల్ మీద పెట్టనివ్వకుండా సర్వర్‌కే తిరిగిచ్చేస్తాను, పాపకి చదవడం వచ్చినప్పట్నుంచి మాత్రం ఇది అంత తేలిగ్గా సాగట్లేదు.

ఆకలి మీద తీసుకెళ్తే బాగా తింటారు కదా?

నేనూ అలాగే అనుకుని బోర్లాపడ్డాను. ఒక ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, సాయంత్రం ఏమీ పెట్టకుండా, పేరున్న ఫ్యామిలీ రెస్టారెంట్‌కి తీసుకెళ్ళాం. బయట నలభై నిమిషాలు నిలబడ్డాం. లోపలికి వెళ్ళేసరికి చిన్నోడు ఏడుపు, పెద్దది మొహం మాడ్చుకుంది, వాళ్ళ నోళ్ళు మూయించడానికి "అన్నా, త్వరగా వచ్చేది ఏదుంటే అది తెచ్చెయ్" అన్నాను. మసాలా పాపడ్, ఒక పెద్ద ప్లేటు ఫ్రైస్ వచ్చాయి. అసలు భోజనం ఇంకో అరగంటకి వచ్చింది, అప్పటికి ఒకరు నిద్రపోయారు, ఇంకొకరు కడుపు పట్టుకుని కూర్చున్నారు. పప్పూ రోటీ పార్సిల్ కట్టించుకుని ఇంటికొచ్చాం.

ఇప్పుడు బయల్దేరే రెండు గంటల ముందు ఒక అరటిపండో అరగ్లాసు పాలో ఇస్తాను. ఏడింటికల్లా వెళ్ళిపోతాం, అప్పుడు వంటింట్లో కూడా ఒత్తిడి తక్కువ, "కారం లేకుండా" అంటే వినే ఓపిక వాళ్ళకీ ఉంటుంది. వెళ్ళగానే ముందు పిల్లల ఆర్డర్ ఇస్తాం, మన స్టార్టర్ల సంగతి తర్వాత. అన్నం, పప్పు, పెరుగు పది నిమిషాల్లో వచ్చేస్తాయి, ఎందుకంటే అవి ఏ వంటింట్లోనైనా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

టిఫిన్ సెంటర్లో ఏం పెట్టించాలి?

మన అదృష్టం అంతా ఇక్కడే ఉంది. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, మినప్పప్పు ఉంటుంది, పిండి పులిసింది కాబట్టి తేలిగ్గా అరుగుతుంది, పొగలు కక్కుతూ వస్తుంది కాబట్టి కడుపుకి భయం తక్కువ. పెసరట్టు ఇంకో మెట్టు పైన, అది దాదాపు మొత్తం పెసలే. కాస్త పెద్ద పిల్లలకి సగం అట్టు చాలు, ఉప్మా లేకుండా, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు చల్లకుండా.

దోశ విషయంలో పెనం దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. మాస్టర్ పెనం మీద నీళ్ళు చల్లి, చీపురుకట్టతో ఒక్క తుడుపు తుడిచి, గరిటెడు పిండి వేసి గుండ్రంగా తిప్పుతాడు. అక్కడిదాకా అది మన ఇంటి దోశే. ఆ తర్వాత డబ్బాలోంచి నూనె చుట్టూ ధార కడతాడు, మధ్యలో బటర్ ముద్ద పడేస్తాడు, దానిమీద ఎర్రకారం పులుముతాడు. కాబట్టి "మాస్టర్, పిల్లాడికి ఒక ప్లెయిన్, నూనె చుక్క చాలు" అన్న మాట పిండి పడకముందే అనాలి. బిల్లు కౌంటర్లో టోకెన్ తీసుకునేటప్పుడు చెప్తే అది పెనం దాకా చేరదు.

పూరీ, వడ, మైసూర్ బజ్జీ మానెయ్యమని నేను అనను, మేం కూడా మానలేదు. ఒక ప్లేటు చెప్పి నలుగురం తుంచుకుంటాం. నెయ్యి కారం ఇడ్లీ ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉంది, అది పెద్దవాళ్ళకి వదిలేసి పిల్లలకి మామూలు ఇడ్లీ విడిగా తీసుకోండి. విజయవాడ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసిస్తారే, అలా కాస్త వెన్నో నెయ్యో తగిలితే చట్నీ లేకుండానే లాగించేస్తారు. చట్నీ అంటే గుర్తొచ్చింది, ఎండాకాలం పొద్దెక్కాక వెళ్తే కొబ్బరి చట్నీ ఒకసారి వాసన చూడండి. పక్కల నీళ్ళు తేరి, పుల్లటి వాసన వస్తుంటే పిల్లల ప్లేటులోంచి తీసేసి వేడి సాంబారు అడగండి.

మీల్స్ హోటల్లో పిల్లలకి ప్రత్యేకంగా ఏమీ ఉండదు కదా?

ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు కూడా. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చూపించిన ప్లేటులో సుమారు సగం కూరగాయలు, పండ్లే ఉంటాయి. బయట తినే తిండిలో ఆ సగం ప్లేటుకి కాస్త దగ్గరగా వచ్చేది నాకు తెలిసి మీల్స్ హోటల్ ఒక్కటే. ఒక ఆకుకూర పప్పు, ఒక కూర, ఒక వేపుడు, సాంబారు, చారు, పెరుగు, ఇన్ని ఇంకెక్కడ వస్తాయి? బిర్యానీ పక్కన రెండు ఉల్లిపాయ చక్రాలు, ఒక నిమ్మచెక్క ఇస్తారు, కూరగాయలంటే అవే.

చాలాచోట్ల అన్‌లిమిటెడ్ మీల్స్ ప్లేటు పంచుకోనివ్వరు, అది వాళ్ళ వ్యాపారం లెక్క, దానిమీద గొడవ పడి లాభం లేదు. "పాపకి ఒక కప్పు అన్నం, పప్పు, పెరుగు విడిగా ఇస్తారా?" అని మర్యాదగా అడిగితే ఇచ్చేవాళ్ళే ఎక్కువ. ముద్దపప్పు ఉందేమో కనుక్కోండి, పప్పులో ముందే పచ్చిమిర్చి పడి ఉంటుంది, ముద్దపప్పులో ఉండదు. వేపుడు కన్నా కూర మేలు. బీరకాయ, సొరకాయ లాంటివైతే మిర్చి ముక్కలు పక్కకి నెట్టి అన్నంలో కలిపేస్తే తెలియకుండానే వెళ్ళిపోతుంది. అప్పడం ఒకటి, భోజనం మధ్యలో, మొదట్లో కాదు. మొదట్లో ఇస్తే అప్పడమే భోజనం.

ఆదివారం బిర్యానీ మానలేం. పిల్లలకి ఎలా పెట్టాలి?

మానమని ఎవరన్నారు, హైదరాబాద్‌లో ఉంటూ అలాంటి మాట అనగలమా. హండీలో మసాలా, నూనె, ముక్కలు అడుగున ఉంటాయి, పైన తెల్లన్నం, కాస్త పసుపన్నం ఉంటుంది. పిల్లలకి పైనున్న అన్నం తీసి, ముక్కని వేళ్ళతో మసాలా తుడిచి, చిన్న పీసులుగా విడదీసి, పక్కన రైతా పెట్టండి. సాలన్ వద్దు. ఉడికిన గుడ్డు ఉంటే అది పిల్లలకే. ఒక సింగిల్ బిర్యానీ మా ఇద్దరు పిల్లలకీ మిగిలిపోతుంది, అయినా చాలా ఏళ్ళు తలా ఒక ప్లేటు చెప్పాం, ఎందుకో నాకే తెలీదు.

బిర్యానీకి వెళ్ళిన రోజు స్టార్టర్ మానేస్తే సగం సమస్య తీరినట్టే. ఆ రోజు వేయించినదీ బిర్యానీ నూనే రెండూ ఒకే కడుపులోకి వెళ్ళకుండా చూసుకోవడం తప్ప ఇందులో పెద్ద సైన్సేం లేదు. రంజాన్ రోజుల్లో హలీం పెట్టొచ్చా అని కూడా అడుగుతుంటారు. గోధుమలు, పప్పులు, మాంసం మెత్తగా ఉడికించి దంచింది, మంచిదే, కానీ నెయ్యీ మసాలా దండిగా ఉంటాయి. రెండు మూడు చెంచాలు పైనున్న వేయించిన ఉల్లిపాయలు తీసేసి పెట్టండి.

చికెన్ 65, మంచూరియా లాంటివి మరీ అంత చెడ్డవా?

నాకు వాటిమీద ఉన్న అసలు అనుమానం రంగు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో రోడమిన్-బి వాడకాన్ని నిషేధించింది. అది బట్టలకి వాడే రంగు. అదే ఏడాది జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులు కూడా వద్దంది. మన దగ్గర ప్లేటులోకి వచ్చే ఎరుపు చూస్తే అది మిరపకారం ఎరుపో, డబ్బాలోంచి వచ్చిన ఎరుపో చేతికి అంటిన మరకే చెప్తుంది. సబ్బుతో కడిగినా వేళ్ళు ఎర్రగానే ఉన్నాయంటే ఇంకోసారి చెప్పకండి. "రంగు వెయ్యకుండా చేస్తారా అన్నా?" అని అడగండి, చాలామంది చేస్తారు, కాకపోతే చూడ్డానికి వెలిసిపోయినట్టు ఉంటుంది, రుచి మాత్రం అదే.

ఇక పైన అంటించిన మైదా, కార్న్‌ఫ్లోర్, మరుగుతున్న నూనె, సోయా సాస్‌లో ఉండే ఉప్పు, ఇవన్నీ కలిపితే ముక్క తక్కువ, పూత ఎక్కువ. అదే డబ్బుకి తందూరీ చికెన్, ఫిష్ టిక్కా, పనీర్ టిక్కా లాంటివి నిప్పు మీద కాల్చినవి వస్తాయి, నేను వాటికే ఓటేస్తాను. మాడిన నల్లటి అంచులు తీసేయండి. అజినమోటో గురించి మన దగ్గర ఉన్నంత భయం అవసరం లేదు, మామూలు మోతాదులో పెద్ద పిల్లలకి ప్రమాదమని తేలలేదు, కానీ ఏడాది లోపు పిల్లలకి వద్దు. సూప్ తాగిస్తానంటే వన్ బై టూ చెప్పి, కార్న్‌ఫ్లోర్ తగ్గించమనండి, లేకపోతే అది గంజి.

తాగడానికి ఏం చెప్పాలి? జ్యూస్ అయితే మంచిదే కదా?

250 మిల్లీలీటర్ల కోలా సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు టీస్పూన్ల పైమాటే. రెండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి కలిపిన చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది, రెండేళ్ళ లోపు వాళ్ళకి అసలే వద్దంది. ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోయి కాస్త అప్పు కూడా పడుతుంది. ఇంట్లో ఆరు చెంచాల చక్కెర గ్లాసులో వేసి పిల్లాడికి ఇమ్మంటే ఏ అమ్మమ్మా ఇవ్వదు, అదే అమ్మమ్మ హోటల్లో "పాపం అడుగుతున్నాడు, ఒకటి చెప్పమ్మా" అంటుంది.

హోటల్ జ్యూసుల్లో పండు ఎంతో, చక్కెర పాకం ఎంతో మనకి కనపడదు. చెప్పేటప్పుడే "చక్కెర వద్దు, ఐస్ వద్దు" అనండి. ఐస్ వద్దనడం నీళ్ళ భయంతో. అంతకన్నా మజ్జిగ మేలు, కొబ్బరిబోండాం ఉంటే ఇంకా మేలు. తీపి లస్సీ, బాదం మిల్క్, ఫలూదా, మిల్క్‌షేక్ ఇవన్నీ తాగేవి కావు, తీపి పదార్థాలు, ఆ లెక్కలోనే చూడండి. మేం ఇంటినుంచి నీళ్ళ సీసాలు తీసుకెళ్తాం, పిల్లలు వాటికి బాగా అలవాటు పడ్డారు.

పిల్లలకి ఒక గుక్క ఇరానీ చాయ్ ఇస్తే?

వద్దు. భోజనానికి ఓ గంట ముందూ వెనకా టీ, కాఫీలు తాగొద్దని ఎన్‌ఐఎన్ పెద్దవాళ్ళకే చెప్తోంది, టీలోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత అని తేలింది. ఉస్మానియా బిస్కెట్ ఒకటి పాలలో ముంచి ఇవ్వండి, సంతోషిస్తారు.

మావాడికి ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఇంకేమీ దిగదు. ఏం చెయ్యాలి?

నిషేధం పెట్టొద్దు, పెడితే ఫ్రైస్‌కి దేవుడి హోదా వస్తుంది. టేబుల్‌కి ఒక ప్లేటు, అందరికీ, అదీ భోజనంతో పాటే రావాలని సర్వర్‌కి చెప్పండి. "ముందు ఇది తింటేనే అది" అనే బేరం నేను చాలాకాలం ఆడాను, దానివల్ల పప్పు శిక్షలాగా, ఫ్రైస్ బహుమతిలాగా అయిపోయాయి. ఇప్పుడు రెండూ ఒకేసారి ప్లేటులో ఉంటాయి, ఏది ముందు తింటాడో వాడిష్టం. మొదటి నెల ఫ్రైసే ముందు పోయేవి, తర్వాత తర్వాత తగ్గాయి.

ఇంకొకటి, పిల్లలకి ఎంపిక ఇవ్వండి కానీ రెండింటి మధ్యే. "ఏం కావాలి నాన్నా?" అని మొత్తం మెనూ చేతికిస్తే వాడికి తెలిసినవే చెప్తాడు. "పుల్కానా, అన్నమా?" అని అడిగితే రెంటిలో ఒకటి చెప్తాడు. ఫోన్ చేతికిచ్చి తినిపించడం మాత్రం మానండి, కడుపు నిండిందో లేదో వాళ్ళకే తెలీదు. నేను ఈ విషయంలో నూటికి నూరు శాతం పాటిస్తున్నానా అంటే లేదు.

ఏడాది లోపు పాపని తీసుకెళ్తున్నాం. ఏం పెట్టొచ్చు?

ఇంటినుంచి ఉగ్గో, మెత్తగా కలిపిన అన్నమో డబ్బాలో తీసుకెళ్ళడమే మంచిది, ఆ వయసుకి ఉప్పు, చక్కెర కలపనక్కర్లేదు. తప్పకపోతే వేడి ఇడ్లీ మధ్య భాగం కాచిన నీళ్ళతో మెదిపి పెట్టండి. తేనె ఏడాది దాటేదాకా ఏ రూపంలోనూ వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఏడాది దాటినా నాలుగేళ్ళ దాకా పల్లీలు, పాప్‌కార్న్, కొయ్యని ద్రాక్షపండ్లు చేతికివ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. టేబుల్ మీద పళ్ళెంలో పెట్టే వేయించిన పల్లీలు, సోంపుతో పాటు వచ్చే పటికబెల్లం ముక్కలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, ఎవరూ గమనించరు.

పాపకి పల్లీ పడదు. మన హోటళ్ళలో ఎలా?

ఇది నిజంగా కష్టం, ఎందుకంటే మన తిండిలో పల్లీ కనపడకుండా ఉంటుంది. చట్నీలో ఉంటుంది, పులిహోరలో ఉంటుంది, కారప్పొడుల్లో ఉంటుంది, గుత్తి వంకాయలో, మిర్చి కా సాలన్‌లో ముద్దగా నూరి ఉంటుంది, వేపుడు మీద చల్లి ఉంటుంది, ఒక్కోచోట వంట నూనే పల్లీ నూనె. నార్త్ ఇండియన్ గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద. "పల్లీ వద్దు" అంటే సర్వర్ పైనున్న గింజలు తీసి తెస్తాడు. "పడదు, తింటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అని విడమరిచి చెప్పండి, అతనికి తెలీదనిపిస్తే వంటింట్లో మాస్టర్‌తో మాట్లాడండి. పెద్ద చెయిన్లు ఎలర్జీ వివరాలు చూపించాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో తిండి భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది, చిన్న హోటళ్ళకి ఆ రూల్ లేదు. అనుమానం తీరకపోతే అక్కడ తినకండి, డాక్టర్ రాసిచ్చిన మందు సంచిలో ఉండాలి.

పిజ్జా, బర్గర్ చెయిన్లకి వెళ్ళినప్పుడు?

పది అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్ళు మెనూలో క్యాలరీలు చూపించాలని 2022 జులై నుంచి నిబంధన అమల్లో ఉంది. బోర్డు మీద ధర పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. కాంబో కన్నా ఒక్క బర్గర్ విడిగా తీసుకోవడం దాదాపు ఎప్పుడూ మేలే, ఎందుకంటే కాంబోలో అదనంగా వచ్చేది ఫ్రైస్, కూల్‌డ్రింకే. పిజ్జా అయితే పల్చటి అడుగు, కూరగాయలు, మామూలు చీజ్, అంచులో చీజ్ నింపింది వద్దు.

మయొనీజ్ గురించి ఒక మాట. పచ్చి గుడ్డుతో చేసిన మయొనీజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. కారణం పచ్చి గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా బ్యాక్టీరియా. మోమోలు, షవర్మా, మండీ, ఎక్కడైనా సరే, తెల్లగా గిన్నెలో వచ్చేది ఏంటో అడక్కుండా పిల్లలకి పెట్టను.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో ఎక్కడ ఆపాలి?

పేర్లు చెప్పను, ఎలా ఎంచుకోవాలో చెప్తా. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, వరసగా హోటళ్ళే. బస్సులు, కార్లు ఎక్కువ ఆగిన చోట ఇడ్లీ వాయి మీద వాయి దిగుతుంటుంది, నిలవుండదు. ఏ ఊళ్ళోనూ జనం లేని హోటల్లో పిల్లలకి బిర్యానీ పెట్టకండి, అది ఎప్పుడు వండారో ఎవరికీ తెలీదు. దారిలో ముందు వేడిది, తర్వాత రుచి. కోసి పెట్టిన పండ్ల ముక్కలు, పచ్చి ఉల్లిపాయ, గ్రీన్ చట్నీ, పానీపూరీ ప్రయాణంలో వద్దు, వానాకాలం అయితే మరీ వద్దు. సంచిలో అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లు, మరమరాలు ఉంటే మధ్యలో చిప్స్ ప్యాకెట్ల గోల తగ్గుతుంది.

మిల్లెట్ అని రాసి ఉంటే మంచిదేనా?

2023ని చిరుధాన్యాల ఏడాదిగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పట్నుంచి రాగి బ్రౌనీ, జొన్న పిజ్జా అని చాలా కనపడుతున్నాయి. చక్కెర, మైదా అందులోనూ ఉంటాయి, పేరు చూసి మురిసిపోకండి. జొన్నరొట్టె, పప్పు అయితే కళ్ళు మూసుకుని చెప్పండి. రాగి సంగటి కూడా, నాటుకోడి పులుసు కారానికి పిల్లలు తట్టుకోలేరు, పప్పుతోనో నెయ్యితోనో ముంచి పెట్టండి.

మేం కాలిఫోర్నియాలో ఉంటాం, ఇవన్నీ ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి?

అక్కడ మీకు ఒక వెసులుబాటు ఉంది. 2019 నుంచి ఆ రాష్ట్రంలో పిల్లల భోజనంతో పాటు మామూలుగా ఇచ్చే డ్రింక్ నీళ్ళో, తీపి కలపని పాలో అయ్యుండాలని చట్టం. సోడా కావాలంటే మీరు నోరు తెరిచి అడగాలి, అడక్కండి, అంతే. ఫ్రైస్ బదులు పండ్లముక్కలు ఇస్తారేమో అడగండి. మా చెల్లెలు పిల్లల్ని మెక్సికన్ చోటికి తీసుకెళ్ళి అన్నం, బీన్స్, అవకాడో వేసిన గిన్నె చెప్తుంది, "పప్పన్నంలాగే ఉందక్కా" అంటుంది, నిజమే మరి.

హోటల్ శుభ్రంగా ఉందో లేదో మనకెలా తెలుస్తుంది?

పూర్తిగా తెలీదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ పద్నాలుగు అంకెలది గోడ మీదా బిల్లు మీదా ఉండాలి, అది చూడండి. చేతులు కడుక్కునే చోటు ఎలా ఉందో వంటిల్లూ దాదాపు అలాగే ఉంటుందని నా నమ్మకం. వేయించే నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన. మన దగ్గర కొలిచే యంత్రం ఉండదు కాబట్టి బజ్జీల బాణలిలోకి చూడండి, నూనె నల్లగా, నురగలు కట్టి, ఘాటుగా పొగలొస్తుంటే వెనక్కి తిరగండి.

తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే?

ఓఆర్ఎస్ ప్యాకెట్, దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. మెడికల్ షాపులో తీపి డ్రింకుల అట్టపెట్టెలు చాలాకాలం ఓఆర్ఎస్ పేరుతో అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దానిమీద పోరాడాక, డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా కానివాటి మీద ఆ పేరు వాడొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో చెప్పింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. రక్తం పడినా, పిల్లాడు మగతగా ఉన్నా, ఆరు గంటల పాటు మూత్రం పోకపోయినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

నిజం చెప్పండి, మీ పిల్లలు ఇవన్నీ బుద్ధిగా తింటారా?

పెద్దది తింటుంది, దానికి ఇప్పుడు పెసరట్టు పిచ్చి. చిన్నోడు మొన్న ఆదివారం మీల్స్ హోటల్లో గంటసేపు కూర్చుని, నేను కలిపిపెట్టిన పాలకూర పప్పన్నం వాళ్ళ నాన్న ప్లేటులోకి నెట్టేసి, రెండు అప్పడాలు, కప్పుడు పెరుగు తిని లేచాడు.